టులెట్ బోర్డు మీద రాయని షరతు
(వాడ నుంచి వీధిలోకి – 7వ భాగం)

పోయిన మంగళవారం రాత్రి పదిన్నరకి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. దర్శి అవతల ఒక పల్లె వాడిది. డిగ్రీ అయిపోయి, గ్రూప్స్ కోచింగ్ కోసం గుంటూరు వచ్చాడు. నాలుగు రోజులుగా గది కోసం తిరుగుతున్నాడు. రాత్రుళ్ళు స్నేహితుడి హాస్టల్లో దొంగచాటుగా పడుకుంటున్నాడు. ఆ రోజు వార్డెన్ పట్టుకుని బయటికి పంపేశాడు. బస్టాండులో కూర్చుని మాట్లాడుతున్నాడు.

"అన్నా, పదకొండు ఇళ్ళు తిరిగాను. ఎంతమంది, ఏం చేస్తావు, ఏ ఊరు అని అడిగి, ఆఖర్న ‘మీరేవిట్లు?’ అంటున్నారు. చెప్పినచోట నిన్ననే ఇచ్చేశాం అన్నారు. చెప్పనిచోట సాయంత్రం ఫోన్ చేస్తాం అన్నారు. ఒక్కరూ చెయ్యలేదు. బోర్డులు మాత్రం అట్టాగే వేలాడతన్నాయి."

ఈ వారం వేరే విషయం రాద్దామనుకున్నాను. వాడి ఫోన్ తర్వాత అది పక్కన పెట్టేశాను.

మా జిల్లాల బయటి మిత్రుల కోసం ఒక మాట. "మీరేవిట్లు?" అంటే మీరే కులం అని. కులం అనే మాట నోట పలక్కుండా కులం అడిగే పద్ధతి. దీనికి అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. "ఇంటిపేరేంటి బాబూ?" "మనవాళ్ళేనా?" "ఆదివారం గుడికా, చర్చికా?" "నీసు తింటారా?" ఈ చివరిది అడిగే ఇళ్ళల్లో సగం ఇళ్ళ నుంచి ఆదివారం పూట నాటుకోడి పులుసు వాసన వీధి చివరికొస్తుంది. వాళ్ళు అడిగేది కోడి గురించి కాదు. ఏ మాంసం గురించి అడుగుతున్నారో వాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు.

నా సంగతి కూడా చెప్తాను. ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు.

2009లో ఎమ్మే చదువుతూ అమరావతి రోడ్డు పక్క సందులో మేడమీద రేకుల గది తీసుకున్నాను. ఓనరు ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. నా ఇంటిపేరు భూములున్న ఒక కులంలో కూడా ఉంది. ఆయన "ఓహో" అన్నాడు. ఆ "ఓహో"కి నేను అడ్డు చెప్పలేదు. నా అద్దె ఒప్పందం మొత్తం దాని మీదే నిలబడింది. కాగితం లేదు, రసీదు లేదు.

మా అమ్మ ఎండాకాలం కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వచ్చేది. ఒక రాత్రి నా గదిలో ఉండి పొద్దున్నే వెళ్తానంది. నేను ఫోన్లో ఏమన్నానో తెలుసా? "అమ్మా, వచ్చేటప్పుడు బొట్టు పెట్టుకుని రా." మా అమ్మ పుట్టినప్పటి నుంచీ చర్చికెళ్ళే మనిషి. పెళ్ళిలో కూడా బొట్టు పెట్టుకోలేదు. అవతల చాలాసేపు మాట లేదు. "సరేలే నాయనా" అంది. స్టిక్కర్ బొట్టు పెట్టుకుని వచ్చింది. మెట్లెక్కుతూ ఓనరు భార్యని చూసి నవ్వింది కూడా. పొద్దున బస్సెక్కాక ఆ స్టిక్కర్ పీకి కిటికీ చువ్వకి అంటించింది. నేను కింద నిలబడి చూశాను. అమ్మ నన్ను ఒక్క మాట అన్లేదు.

ఆర్నెల్లకి ఎలాగో తెలిసింది. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. సున్నాలకని, ఫ్యానుకని చెప్పి అడ్వాన్సులో సగం కోసుకున్నారు. ఆ డబ్బు పోయిన బాధ ఎప్పుడో పోయింది. కన్నతల్లికి ఆ మాట చెప్పించిన గది మాత్రం ఇంకా నా నెత్తి మీదే ఉంది.

ఇక వాదనలోకి వెళ్దాం.

మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే. "మా ఇల్లు, మా ఇష్టం." వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో! నిజమే, మీ వంటింట్లోకి ఎవర్ని రానివ్వాలో మీ ఇష్టం. మీ మంచం మీద ఎవరు కూర్చోవాలో మీ ఇష్టం. కానీ గేటుకి టులెట్ బోర్డు తగిలించి, నెలకింత, అడ్వాన్సు ఇంత అని రేటు కట్టిన రోజున ఆ వాటా అంగట్లో సరుకైంది. కిరాణా కొట్టువాడు "నా కొట్టు నా ఇష్టం, మాదిగోడికి ఉప్పు అమ్మను" అంటే నేరమని ఈరోజు ఎవరైనా ఒప్పుకుంటారు. ఉప్పు అమ్మేవాడికి లేని ఇష్టం గది అద్దెకిచ్చేవాడికి ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది నా ఆవేశం ఒక్కటే కాదు. రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాల్లో, హోటళ్ళలో, వినోద స్థలాల్లో కులం పేరుతో ఎవర్నీ అడ్డుకోకూడదంటుంది. అద్దె ఇల్లు అన్న మాట అందులో లేదు. అయితే 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణ చర్చకొచ్చినప్పుడు, దుకాణం అంటే ఏమిటన్న ప్రశ్న లేచింది. బాబాసాహెబ్ జవాబు స్పష్టంగా ఉంది. ఆ మాటని ఇరుకుగా తీసుకోవద్దు, జనానికి సేవ అందిస్తానని ముందుకొచ్చే ప్రతివాడూ దాని కిందికి వస్తాడని చెప్పాడు. 2011లో సుప్రీంకోర్టులో మన తెలుగు న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డి ఉన్న ధర్మాసనం ఆ వివరణనే పట్టుకుని ప్రైవేటు కాలేజీ కూడా 15(2) కిందికి వస్తుందని తీర్పు చెప్పింది. కాలేజీ సీటు వస్తే అద్దె గది ఎందుకు రాదు? ఈ ప్రశ్న మన లా స్టూడెంట్లు కోర్టులో అడగాల్సిన ప్రశ్న.

ఎదుటి పక్షం దగ్గరా ఒక తీర్పుంది, దాచను. 2005లో అహ్మదాబాదు పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో, తమ మతం వాళ్ళకే సభ్యత్వం అన్న నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టే చెప్పింది. కాబట్టి కోర్టు తలుపు బార్లా తెరిచి ఉందని మీకు అబద్ధం చెప్పను. సగం తెరిచి ఉంది. ఆ సగం నెట్టేవాళ్ళు కావాలి.

రాజ్యాంగం సంగతి అలా ఉంచండి. మన చేతిలో ఇప్పటికే ఒక చట్టం ఉంది. పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1955. అందులో 4వ సెక్షన్ అంటరానితనం కారణంగా అడ్డుకోకూడని వాటి జాబితా ఇస్తుంది. బావి, చెరువు, బస్సు, ధర్మసత్రం వీటితోపాటు ఏ ప్రాంతంలోనైనా నివాసపు ఇల్లు కట్టుకోవడం, పొందడం, అందులో ఉండడం కూడా ఆ జాబితాలో ఉంది. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. జరిమానా మన సబ్‌మీటర్ కరెంటు బిల్లుకి కూడా చాలదు, అది వేరే సంగతి. అసలు బలం 12వ సెక్షన్‌లో ఉంది. ఈ చట్టం కింది నేరం షెడ్యూల్డ్ కులాల మనిషి విషయంలో జరిగితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అవతలి వాడిది. చదివారా? రుజువు భారం మన నెత్తిన లేదు.

మరి డెబ్భై ఏళ్ళుగా ఈ చట్టం గుంటూరులో ఏ ఓనరునైనా భయపెట్టిందా? మీ వీధిలో ఎవరికైనా ఈ సెక్షన్ ఉందని తెలుసా?

మన రాష్ట్రంలో ప్రతి నెలాఖరున సివిల్ రైట్స్ డే జరుపుతారు. తహసీల్దారు, ఎస్సై ఒక పల్లెకి వెళ్ళి, షామియానా కింద కూర్చుని, ఇక్కడ రెండు గ్లాసుల పద్ధతి ఉందా, గుడిలోకి రానిస్తున్నారా అని అడుగుతారు. మంచిదే, అడగాలి. కానీ ఆ షామియానా బ్రాడీపేట నాలుగో లైన్లో ఎప్పుడైనా వేశారా? ఒంగోలు లాయర్‌పేటలో వేశారా? అంటరానితనం పల్లెల్లోనే ఉంటుందని, మున్సిపాలిటీ హద్దు దాటితే చచ్చిపోతుందని ప్రభుత్వం నమ్మకం. అది చావలేదు. టీ గ్లాసులోంచి గేటు తాళంలోకి మారింది, అంతే.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం లేదా అంటారు. ఉంది. కులం పేరుతో అవమానిస్తే ఆ చట్టం వర్తించాలంటే అది జనం కంట పడే చోట జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటి మనిషి ఎవరూ లేనప్పుడు అన్న మాట దాని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మన సంభాషణ ఎక్కడ జరుగుతుంది? ఓనరు గుమ్మంలో, ఇద్దరి మధ్య, మెత్తగా, నవ్వుతూ. "ఏం అనుకోకు బాబూ, మా పెద్దవాళ్ళకి పట్టింపు." తిట్టు లేదు, సాక్షి లేడు. పౌరహక్కుల చట్టం 4వ సెక్షన్‌కి తిట్టు అక్కర్లేదు, అడ్డుకోవడం చాలు. అందుకే మనం ఆ పాత చట్టం దుమ్ము దులపాలంటున్నాను.

ఇక్కడ గుంటూరు, ప్రకాశం మనుషులకి ఇంకో ఉచ్చు ఉంది. మా దగ్గర పల్లెలో చర్చి లేని వాడ అరుదు. మతం మారితే ఎస్సీ హోదా పోతుందని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు అంటుంది. క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ చట్టం రక్షణ అడగలేడని 2025లో మన హైకోర్టు మన ప్రాంతపు కేసులోనే తీర్పిచ్చింది. అంటే ఓనరు "చర్చికెళ్తారా?" అని అడిగి మనం ఎవరిమో క్షణంలో కనిపెట్టేస్తాడు. అదే మాట మనం పోలీస్ స్టేషన్లో చెప్తే "అయితే మీరు ఎస్సీ కాదు" అంటారు. ఓనరు లెక్కలో మాదిగే, చట్టం లెక్కలో మాత్రం కాదు. మా అమ్మ నుదుటి మీద ఆ స్టిక్కర్ ఎందుకు పడిందో ఇప్పుడు అర్థమైందా?

ఇప్పుడు మన ఎర్ర మిత్రుల వైపు తిరుగుతాను. వాళ్ళు కాలేజీ గేటు దగ్గర నాతో అనే మాట ఇది: "అద్దె అనేది వర్గ సమస్య బ్రదర్. అద్దెలు పెరిగితే అన్ని కులాల కిరాయిదారులూ బాధపడతారు. కులం తెస్తే చీలిపోతాం."

అద్దె చట్టాలు తీసి చూడండి కామ్రేడ్. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం న్యాయమైన అద్దె ఎంతో, ఏ కారణాలతో ఖాళీ చేయించొచ్చో చెప్పింది. మన రాష్ట్రం 2017లో చేసిన కొత్త చట్టం ఒప్పందం రాతలో ఉండాలంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా చట్టం ఇంటికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోవద్దంది, నీళ్ళు, కరెంటు ఆపొద్దంది. అన్నీ మంచివే. కానీ ఈ మూడింటి కథా ఎక్కడ మొదలవుతుంది? తాళంచెవి చేతికొచ్చాక. తాళంచెవి ఎవరి చేతికి రావాలన్న ప్రశ్న వాటిల్లో లేదు. ఆ తమ్ముడు పదకొండు ఇళ్ళ ముందు నిలబడ్డాడే, అక్కడ అతను ఇంకా కిరాయిదారు కూడా కాలేదు. మీ కిరాయిదారుల సంఘంలో సభ్యత్వం కావాలన్నా ముందు గేటు దాటాలి. గేటు దాటినవాళ్ళ సంఘం గేటు గురించి మాట్లాడకపోతే, అది గేటుకి కాపలా కాసే సంఘం అవుతుంది.

చీలిక మేం తెచ్చేది కాదు, అది టులెట్ బోర్డులోనే ఉంది. దాని వల్ల అద్దెలు కూడా ఎలా పెరుగుతాయో చూడండి. ఊరంతా మాకు మూసేస్తే మేం నాలుగు వీధుల్లోనే వెతుక్కోవాలి. ఆ నాలుగు వీధుల్లో రేకుల గదికి, వారానికి రెండుసార్లు వచ్చే నీళ్ళకి మేం ఇచ్చేది మంచి వీధిలో గదికిచ్చే డబ్బే. మేం వేరేచోటికి పోలేమని ఓనరుకి తెలుసు. సబ్‌మీటర్ యూనిట్‌కి డిస్కం రేటు కంటే ఎక్కువ వసూలు చేసినా నోరెత్తలేం. ఇదే లెక్క పాత గుంటూరు దాటి గది దొరకని ముస్లిం కుర్రాడిది. ఇదే లెక్క భర్త లేకుండా పిల్లలతో ఇల్లు వెతికే ఆడమనిషిది. చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లులకి ఒడిశా నుంచి వచ్చిన కార్మికుడిది, హిజ్రా అక్కలది కూడా. మీరు వర్గం అంటున్నది కళ్ళెదుటే ఉంది కామ్రేడ్. కులం గుండా నడవకుండా అక్కడికి దారి లేదు.

ఇప్పుడు చరిత్రలోకి వస్తాను. అసలు చెప్పదల్చుకున్నది ఇక్కడుంది.

1917. కొలంబియాలో చదివి వచ్చిన అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళాడు. హిందూ హోటల్ రానివ్వదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని ఉన్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని పార్సీల గుంపు వచ్చి, సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమంది. ఇద్దరు స్నేహితుల్ని అడిగాడు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. పార్కులో కూర్చుని, రాత్రి రైలుకి బొంబాయి వెళ్ళిపోయాడు. ఇదంతా మీకు తెలిసిందే. ఒక్క సంగతి గమనించండి. అంత చదువు, సంస్థానంలో ఉద్యోగం, అంత మేధస్సు ఉన్న మనిషికి ఆ ఊళ్ళో ఒక గది దొరకలేదు. ఎందుకంటే ఆ రోజు ఆయన ఒంటరి.

1985 జులై 17. కారంచేడు. ఆరుగురు మాదిగల్ని చంపారు. బతికినవాళ్ళు ప్రాణాలు చేతపట్టుకుని చీరాల చేరారు. చదువు లేదు, చేతిలో డబ్బు లేదు. వాళ్ళది కూలి బతుకు. ఊరికి తిరిగి పొండి, రాజీ చేస్తాం అన్నారు పెద్దలు. వాళ్ళు పోలేదు. శిబిరం వేసుకుని కూర్చున్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు వాళ్ళతో నిలబడ్డారు. ఆ సెప్టెంబరులో చీరాలలోనే దళిత మహాసభ పుట్టింది. చంపినవాళ్ళ పొలాలకి మళ్ళీ కూలికి పోం, మాకు ఈ పట్నంలోనే ఇళ్ళు కావాలి అన్నారు. చీరాలలో విజయనగర్ కాలనీ అలా వచ్చింది. ఆరేళ్ళకి, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడు బాధితులు తెనాలిలో శిబిరం వేశారు. వాళ్ళ పట్టుదల వల్లే విచారణకి ప్రత్యేక కోర్టు చుండూరుకే వచ్చింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసిందన్న మాట కూడా మర్చిపోను. న్యాయం అక్కడ ఓడింది. కానీ శిబిరం మనకి నేర్పింది ఓడలేదు.

కొలంబియా డిగ్రీకి బరోడాలో దొరకనిది, అక్షరం రాని కూలీలకి చీరాలలో దొరికింది. తేడా ఒక్కటే. వాళ్ళు కలిసి అడిగారు. మనం ఈ రోజు గుంటూరులో మళ్ళీ బరోడా పద్ధతిలో బతుకుతున్నాం. ఒక్కొక్కడం ఒంటరిగా వెళ్తాం, పేరు మార్చుకుంటాం, అమ్మకి బొట్టు పెట్టిస్తాం, కర్రలొస్తే చప్పుడు చెయ్యకుండా రైలెక్కుతాం. మన గుంటూరు పిల్లాడు రోహిత్‌నీ, నలుగురు స్నేహితుల్నీ హాస్టల్ నుంచి వెలేస్తే, 2016 జనవరిలో వాళ్ళు బయట టెంటు వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టడంలోనే చీరాల పాఠం ఉంది. అవమానాన్ని గదిలో దాచుకోలేదు, అందరూ నడిచే దారిలో పెట్టారు.

"అయితే ప్రభుత్వం కాలనీలు ఇస్తోందిగా" అనేవాళ్ళున్నారు. 2023 మే 26న అమరావతిలో ఆర్5 జోన్ అని 1,402 ఎకరాల్లో 50,793 మందికి పట్టాలిచ్చారు. మనిషికి సెంటు. సెంటంటే 48 గజాలు. ఆగస్టులో హైకోర్టు అక్కడ ఇళ్ళ నిర్మాణం ఆపింది. ఆ గొడవంతా నడిచినప్పుడు ఒక మాట విన్నాం. పేదలొస్తే రాజధానిలో జనాభా సమతుల్యత దెబ్బతింటుందట! ఆ మాటకీ "మీరేవిట్లు?"కీ తేడా ఏమైనా ఉందా? ఇది రాజధాని స్థాయి టులెట్ బోర్డు. అలాగని సెంటు ఇచ్చినవాళ్ళని నెత్తిన పెట్టుకోను. మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీకి, పొద్దున ఆరింటికి పనిలో ఉండాల్సినవాడికి, ఊరికి దూరంగా, బస్సు లేనిచోట 48 గజాలు ఇవ్వడం అంటే కొత్త వెలివాడ కట్టడమే. మనకి కాలనీ కావాలి, కానీ కాలనీ ఒక్కటే చాలదు. పని ఉన్నచోట, కాలేజీ ఉన్నచోట, అందరూ ఉండే వీధిలో అద్దెకుండే హక్కు కావాలి. మున్సిపల్ కార్పొరేషన్ తన స్థలంలో కట్టి, తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళు కావాలి.

ప్రభుత్వం తలుచుకుంటే చెయ్యగలదనడానికి సాక్ష్యం కావాలా? 2020 మార్చి 29న, లాక్‌డౌన్‌లో, కేంద్ర హోంశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. కార్మికుల నుంచి నెల అద్దె అడగొద్దు, కార్మికుల్ని, విద్యార్థుల్ని ఖాళీ చేయిస్తే చర్య తప్పదు అని. ఆ ఉత్తర్వు ఎంత అమలైందో మనకి తెలుసు. కానీ "మా ఇల్లు మా ఇష్టం"కి హద్దు గీయొచ్చని ఒక్క కాగితంతో ఒప్పుకున్నారా లేదా?

ఇక చెయ్యాల్సిన పనులు. ఏడుపు రాసి వదిలేసే అలవాటు నాకు లేదు.

మొదటిది, పరీక్ష పెడదాం. ఒకే టులెట్ నంబరుకి గంట తేడాతో ఇద్దరం ఫోన్ చేద్దాం. అదే చదువు, అదే ఉద్యోగం, అదే అద్దె. పేరు మాత్రం వేరు. ఎవరికేం జవాబొచ్చిందో తేదీ, టైముతో రాసిపెడదాం. ఢిల్లీ చుట్టుపక్కల సుఖదేవ్ థోరాట్ బృందం ఇలాగే ఫోన్లు చేసింది, 2015లో ఈపీడబ్ల్యూలో అచ్చయింది. దళిత పేరుకి, ముస్లిం పేరుకి తలుపులు ఎలా మూసుకున్నాయో, తెరిచినచోట షరతులు ఎలా పెరిగాయో చూపించింది. అమెరికాలో నల్లవాళ్ళ ఇళ్ళ పోరాటంలో ఇలా పరీక్షించడానికి వెళ్ళినవాళ్ళకి కూడా కేసు వేసే హక్కుందని 1982లో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. గుంటూరుకి మన లెక్క మనమే తియ్యాలి.

రెండోది, గది చూడ్డానికి ఒంటరిగా వెళ్ళొద్దు. ఇద్దరు వెళ్ళండి. రెండోవాడు సాక్షి. కాదన్నచోట కారణం అడగండి, మర్యాదగా.

మూడోది, కాగితం. ఒప్పందం రాయించుకోండి. అద్దె ఫోన్ పేలో పంపి, ఏ నెల అద్దో అందులోనే రాయండి. అడ్వాన్సు కూడా అలాగే. ఆ రోజు నా దగ్గర ఒక్క కాగితం ముక్క ఉన్నా సున్నాల డబ్బు కోసుకునేవాళ్ళు కాదు.

నాలుగోది, కలిసి ఫిర్యాదు. ఒక్క కేసు పెడితే నిన్ను లొంగదీస్తారు. ముప్ఫై కేసులు ఒకే రోజు పెడితే కలెక్టరు మాట్లాడాలి. అత్యాచారాల నిరోధక చట్టం నిబంధనల ప్రకారం జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కలెక్టరు అధ్యక్షతన కూర్చోవాలి. మన పరీక్ష లెక్కలు ఆ బల్ల మీద పెడదాం. వచ్చే సివిల్ రైట్స్ డే నగరంలో పెట్టమని అడుగుదాం. 2017 చట్టంలో కులం, మతం, ఒంటరి ఆడమనిషి అన్న కారణంతో అద్దెకి కాదనడం నేరమని ఒక సెక్షన్ చేర్చమని అడుగుదాం.

ఇవి జరిగే పనులేనా అని నవ్వేవాళ్ళకి ఒక్క ఉదాహరణ. 1915లో స్కాట్లాండులోని గ్లాస్గోలో యుద్ధకాలం చూసి ఓనర్లు అద్దెలు పెంచితే, మేరీ బార్బర్ లాంటి ఇల్లాళ్ళు వీధి వీధినా కమిటీ కట్టి అద్దె ఆపేశారు. ఖాళీ చేయించడానికి అధికారి వస్తే గంట మోగించేవాళ్ళు. ఆడవాళ్ళంతా మెట్ల మీద అడ్డంగా నిలబడేవాళ్ళు. ఆ ఏడాది ముగిసేలోగా అద్దె పెంచకుండా బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసింది. మిర్చి తొడిమలు తీసే మా అమ్మల కంటే ఆ ఆడవాళ్ళు ఏమంత గొప్పవాళ్ళు కాదు. వాళ్ళ దగ్గర ఒక గంట ఉంది, అంతే.

ఆఖరి మాట మన వాళ్ళకి. ఇది రాయకపోతే నేను దొంగనవుతాను. మనలో ఉద్యోగాలొచ్చి, లోన్లు పెట్టి, రెండంతస్తులు వేసినవాళ్ళున్నారు. సంతోషం. వాళ్ళ గేటుకీ టులెట్ బోర్డుంది. మాల ఓనరు మాదిగ కుర్రాడిని చూసి "సాయంత్రం ఫోన్ చేస్తాం" అనడం నేను చూశాను. ఇద్దరూ కలిసి ముస్లిం కుటుంబాన్ని వద్దనడం చూశాను. హాల్లో అంబేద్కర్ ఫొటో, గేటుకి అగ్రహారం తాళం. ముందు ఆ తాళాలు తీయండి. పరీక్ష ఫోన్లు మీ నంబర్లకి కూడా వస్తాయి.

ఆ తమ్ముడికి గది దొరికింది. మన మిత్రుడి ఇంట్లో వరండా పక్క గది, తాత్కాలికంగా. అది గెలుపు కాదు, సర్దుబాటు. వాళ్ళమ్మ వచ్చే నెల చూడ్డానికి వస్తుందట. "ఏమైనా చెప్పాలా అన్నా?" అని అడిగాడు. నేను చెప్పాను: "ఎప్పుడూ ఎట్టా ఉంటుందో అట్టాగే రమ్మను."

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి గుంటూరులో కూర్చుంటున్నాం. మీరు చూసిన టులెట్ నంబర్లు రాసుకుని రండి, ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని రండి. చోటు అడిగినవాళ్ళకి విడిగా చెప్తాను. వచ్చే భాగంలో ఆ లెక్కలు రాస్తాను.

జై భీమ్.